నాన్న చాకు మడిచేదాకా

పారిస్, బస్తీల్ దగ్గర
16 అక్టోబర్ 1932

మెలానీకి,

మేమంతా బాగున్నాం, నువ్వూ నాన్నా బాగుండాలి. మర్యాద అయిపోయింది కదా, ఇక నిన్ను దులపాలి.

నిన్న కసిమీర్ బాబాయి వచ్చాడు. గొడ్ల బేరం పని మీద పారిస్ వచ్చి, మా కొట్లో బొగ్గు బస్తాల పక్కన చతికిలబడి, నేను పోసిన వైన్ తాగుతూ, నువ్వు నాకని పంపిన సాసేజ్ తనే సగం మింగుతూ ఊరి కబుర్లన్నీ ఏకరువు పెట్టాడు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి గోడ కూలింది, అన్నీ అయ్యాయి. ఆఖర్న మీసం తుడుచుకుని, "ఏమే ఆగాత్, మీ ఇంట్లో ఇప్పుడు చాకు మడిచేది చిన్నదట కదా" అన్నాడు.

నేను నవ్వాను. "తాగింది చాల్లే బాబాయ్" అన్నాను.

"నా రెండు కళ్ళతో చూశానే! నూర్పుళ్ళనాడు మీ ఇంట్లోనే తిన్నాను. టక్‌మని చప్పుడు వినపడింది, అందరం లేచాం. ఆ చప్పుడు మీ నాన్న చేతిలోంచి రాలేదు, దాని ఒళ్ళోంచి వచ్చింది. చాకు తుడిచి ఏప్రన్ జేబులో వేసుకుంది కూడాను."

ఎక్కడో కాలిందే నాకు. నాన్న చాకు మడిస్తే భోజనం అయిపోయినట్టు. నోట్లో ముద్ద ఉన్నా లేవాల్సిందే. చిన్నప్పుడు నాన్న చెయ్యి చాకు మీదికి పోవడం చూసి మనం గబగబా బుగ్గల నిండా కుక్కుకునేవాళ్ళం, మర్చిపోయావా? మన కొండ మీద ఇంటి పెద్ద ఎవరంటే చాకు మడిచేవాడు. దానికి కాగితాలక్కర్లేదు. ఇప్పుడు నువ్వు మడుస్తున్నావంటే ఏమిటర్థం? నాన్న ఇల్లు నీ చేతిలో పెట్టేశాడా? పెడితే పెట్టాడు, నాకో మాట చెప్పకూడదా?

పైగా ఆ చాకు మీద చెయ్యి వేసే హక్కు ఎవరికైనా ఉందంటే నాకుంది. సానరాయి మీద దాన్ని నూరింది నేను. "ఆగాత్ నూరితే గడ్డం గీసుకోవచ్చు" అనేవాడు నాన్న. నీకు రాయి తడపడం కూడా చేతకాదు.

ఇంకోటి. ఆడపిల్లవి, జేబులో చాకేమిటే? ఇక్కడ ట్రామ్‌లో కసిమీర్ బాబాయి ఆపిల్ చెక్కు తీద్దామని చాకు తెరిస్తే, పక్కనున్న దొరసాని కెవ్వుమని లేచి కండక్టర్‌ని పిలిచిందట. మా ఆయన్ని కూడా కౌంటర్ మీద చాకు పెట్టొద్దని చెప్పాను, పట్నం వాళ్ళు బెదిరిపోతున్నారు. మగాళ్ళ సంగతే ఇలా ఉంటే, ఆడది చాకు పెట్టుకు తిరిగితే ఏమంటారో రాయడానికే నాకు సిగ్గేస్తోంది.

జవాబు రాయి. డొంకతిరుగుడు లేకుండా.

నీ అక్క
ఆగాత్


పుయ్‌రోంద్, ఒబ్రాక్ కొండ
30 అక్టోబర్ 1932

అక్కా,

నీ ఉత్తరం అందింది. పోస్టు తెచ్చిన మనిషి గుమ్మంలోనే "మీ అక్క కోపంగా ఉన్నట్టుందే, కవరు చిరిగేలా రాసింది" అన్నాడు.

అవును, జేబులో చాకు ఉంది. తాడు కొయ్యాలి, మేకల గిట్టలు చెక్కాలి, చీజ్ మీద తొక్క గీకాలి. ఆడదాన్ని కదా అని తాళ్ళు వాటంతటవే తెగిపడవు. చర్చి ముందు ఆడంగులు గుసగుసలాడుతూనే ఉన్నారు. "ఒగుస్తాన్ చిన్న కూతురికి రేపో మాపో మీసాలు కూడా వస్తాయి" అందిట రొట్టెలామె. రానీ, మంచుకి మూతి వెచ్చగా ఉంటుంది.

చాకు ఎవరు మడుస్తున్నారన్న రెండో సంగతి అడక్కు. నాన్న మీద ఒట్టు, ఇల్లు నాకేం రాసివ్వలేదు. అంతకంటే చెప్పలేను. కసిమీర్ బాబాయి కళ్ళకి సాసేజ్ ఒకటే సరిగ్గా కనిపిస్తుంది, మిగతావి నమ్మకు.

నీకేంటక్కా, స్విచ్ నొక్కితే దీపం. ఇక్కడ చెస్ట్‌నట్‌లు ఏరి ఏరి నా గోళ్ళు నల్లబడ్డాయి. నాన్న నీ పెళ్ళి ఫోటో ఎదురుగా పెట్టుకుని సూప్ తాగుతాడు. నేను అటుపక్క నిలబడితే, "కొంచెం జరుగు, పెద్దది కనపడ్డంలేదు" అంటాడు. నీకింకా ఏం కావాలి?

ఫిర్మాన్ బావకి నమస్కారాలు చెప్పు.

మెలానీ


పారిస్
8 నవంబర్ 1932

మెలానీకి,

"రెండో సంగతి అడక్కు" అట! ఎంత నంగనాచివే నువ్వు. అడక్కు అంటే ఏదో ఉందనేగా. ఏమీ లేకపోతే లేదని రాస్తావు. నువ్వు అబద్ధం ఆడలేవు, నిజం చెప్పలేవు, మూతి ముడుచుకుని కూర్చుంటావు. చిన్నప్పటి బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఫోటోని చూసి సూప్ తాగుతాడని నన్ను బుజ్జగిస్తున్నావా? ఫోటో నాకు, మనిషి నీకు. బాగుంది పంపకం!

అమ్మ పోయినప్పుడు నేను పెళ్ళయి ఇక్కడున్నాను, రాలేకపోయాను. నాన్నకి జ్వరం వచ్చి తగ్గాక నాకు తెలిసింది. కొత్త ఆవు పేరేమిటో నేను కసిమీర్ బాబాయిని అడిగి తెలుసుకోవాలి. పెద్ద కూతురిననే గానీ ఆ ఇంట్లో ఏ చెంచా ఎక్కడుందో నాకిప్పుడు తెలీదు. నీకు తెలుసు. అన్నీ నీకే తెలుసు. ఇప్పుడు చాకు కూడా నీదే.

అందుకని నేనొకటి అనుకున్నాను. చలికాలం నాన్నని నా దగ్గరికి పంపు. ఇల్లు చిన్నదే గానీ బొగ్గుకి కొదవలేదు, అమ్మేది మేమే. కసిమీర్ బాబాయి మళ్ళీ వస్తాడు కదా, అతని వెంట పంపు. మంచు కరిగేదాకా నా చేతివంట తింటాడు, నా బల్ల దగ్గర పెద్దరికం చేస్తాడు. నువ్వు కాదన్నావంటే నేను అనుకున్నదే నిజమని తేలిపోతుంది.

ఆగాత్


పుయ్‌రోంద్
20 నవంబర్ 1932

అక్కా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను, తిట్లు మినహాయించి. కాబట్టి చాలా చిన్న ఉత్తరమైంది. "పెద్దది పిలిచిందా!" అన్నాడు. ఇంక ఆగలేదు. ఎన్నడూ లేనిది బూట్లకి తనే మైనం రాసుకోవడం మొదలెట్టాడు. నేను ఎన్ని వంకలు చెప్పినా, "దూరం కదా, చలి కదా" అన్నా, వినిపించుకోలేదు. నేను పిలిస్తే పొయ్యి దగ్గర్నుంచి బల్ల దాకా కూడా ఇంత హుషారుగా రాడు. అది అలా ఉంచు.

బాబాయి వెంట పంపుతున్నాను. కానీ నేను చెప్పినట్టు చెయ్యి, నీకు దణ్ణం పెడతాను. నాన్నని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టకు. బెంచీ మీద గోడవైపు కూర్చోబెట్టి, నువ్వు కుడిపక్కన ఆనుకుని కూర్చో. రొట్టె నువ్వే కోసి పెట్టు. భోజనానికి ఎక్కువమందిని పిలవకు. ఎందుకని అడక్కు. నేను మాట ఇచ్చాను.

సంచిలో చీజ్ ఉంది, నీకే. బాబాయికి కనపడనివ్వకు.

మెలానీ


పారిస్
6 డిసెంబర్ 1932

మెలానీకి,

నాన్న వచ్చాడు. స్టేషన్‌లో నన్ను చూసి, "ఇదేంటే, ఇంత చిక్కిపోయావు, బొగ్గు తింటున్నావా?" అన్నాడు. అందరి ముందూ నవ్వాను గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నీ హుకుంనామా కూడా చేరింది. పెద్ద కుర్చీ ఇవ్వకూడదా? గోడవారన ముసలి పనివాడిలా కూర్చోబెట్టాలా? నలుగుర్నీ పిలవకూడదా? అంటే నా ఇంట్లో నాన్న పెద్దగా కూర్చోవడం నీకు ఇష్టం లేదు. నా బల్ల దగ్గర ఆయన చాకు మడిస్తే, ఈ ఇల్లు కూడా ఆయనదే అని లోకానికి తెలిసిపోతుందని నీ బాధ. నీ కడుపుమంట నాకు అర్థం కాదనుకున్నావా? నాకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది!

కానీ ఒకటి చెప్తాను, దాచుకోను. నాన్న నా ఇంట్లో చాకు తీయడంలేదే. వచ్చినప్పట్నుంచీ ఒక్కసారి కూడా తీయలేదు. సూప్ తాగుతాడు, రొట్టె తుంచుకుంటాడు, మాంసం ముక్క పెడితే "పళ్ళు నొప్పి" అంటాడు. చాకు ప్యాంటు జేబులోనే ఉంది, బరువుకి జేబు కిందికి వేలాడుతూ నాకు కనిపిస్తూనే ఉంది. అయినా తీయడు. మేం ముగ్గురమే కదా, భోజనం ఎప్పుడు ముగిసిందో ఎవరికీ తెలీకుండా ముగుస్తోంది. మా ఆయన లేచి కొట్లోకి వెళ్ళిపోతే అదే ముగింపు. నాన్నకి ఇది పరాయి ఇల్లన్నమాట. చాకు మీ ఇంట్లోనే తీస్తాడన్నమాట.

ఇంకా వినవే. పారిస్ గాలి సోకి దొర అయిపోయాడు మీ నాన్న. కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే. కోటు బొత్తాలు పెట్టుకోడు, "ఇది ఇక్కడి ఫ్యాషన్ కాదా?" అంటాడు. గడ్డం గీసుకోవడానికి పొద్దున్నే బార్బర్ దగ్గరికి పోతాడు! ఊళ్ళో ఆదివారానికోసారి తనే గీసుకునే మనిషి. మా ఆయన తీసుకెళ్తాడు, ఇద్దరూ చిన్నపిల్లల్లా గుసగుసలాడుకుంటూ వస్తారు.

నేనొక పని చేశాను. మన ఊరి పనితనమే, దంతపు పిడి చాకు ఒకటి కొన్నాను. ఎంతయిందని అడక్కు. స్ప్రింగ్ ఎంత బిగువుగా ఉందంటే మడిచేటప్పుడు తలుపు వేసినట్టు చప్పుడవుతుంది. ఆ పాత చాకు నీ ఏప్రన్ వాసన కొడుతోందేమో, అందుకే నా దగ్గర తీయలేకపోతున్నాడు. కొత్తది నాది, నా బల్ల మీదే తెరుచుకుంటుంది. 18న ఆదివారం మన కొండ వాళ్ళందర్నీ పిలుస్తున్నాను. బొగ్గు కొట్ల వాళ్ళు, హోటల్ వెయిటర్లు, బాబాయి, ఎవర్నీ వదలను. నాన్న పెద్ద కుర్చీలోనే కూర్చుంటాడు.

ఏం చేస్తావో చేసుకో.

ఆగాత్


పుయ్‌రోంద్
12 డిసెంబర్ 1932

అక్కా,

మంచు గుమ్మం దాకా వచ్చింది. పోస్టు వాడు ఇప్పుడే వెళ్ళిపోతాడు, నిలబెట్టి రాస్తున్నాను.

కొత్త చాకు ఇవ్వకు. నన్ను ఎంత తిట్టుకున్నా సరే. విందు చేసుకో, పాట పాడించు, అందర్నీ పిలుచుకో, చాకు మాత్రం ఇవ్వకు. పెద్ద కుర్చీలో నాన్న ఉంటే, కుడిపక్కన నువ్వు తప్ప ఎవరూ కూర్చోవద్దు. నా మీద కోపంతోనైనా ఈ ఒక్కటి చెయ్యి.

మెలానీ


పారిస్
19 డిసెంబర్ 1932

మెలానీకి,

ఇవ్వకు అన్నావు, ఇచ్చాను. కుడిపక్కన కూర్చోమన్నావు, కూర్చోలేదు. నేను వడ్డిస్తూ తిరుగుతుంటే ఆ చోట కసిమీర్ బాబాయి కూర్చున్నాడు. ఇప్పుడు విను ఏం జరిగిందో, విని కుళ్ళుకో.

బల్లలు మూడు కలిపాం. క్యాబేజీ సూప్, తర్వాత బంగాళాదుంపా చీజూ కలిపి చెక్క గరిటెతో రెక్కలు నొప్పి పుట్టేదాకా తిప్పి ముద్ద చేశాను. ఒక వెయిటరు కుర్రాడు గరిటెతో చీజ్ తీగ సాగదీసి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు, అయినా తెగలేదు! "మా అమ్మ చేసినట్టుంది" అన్నాడు వాడు. నాన్నకి పెద్ద కుర్చీ వేశాను. కొత్త చాకు నేనే తెరిచి ఆయన కంచం పక్కన పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న దాన్నే చూస్తూ ఉండిపోయాడు. "ఇంత మంచిది ఎందుకే నాకు" అన్నాడు.

చాకు బహుమతిగా తీసుకుంటే బంధం తెగకుండా ఒక సూ నాణెం చేతిలో పెట్టాలి కదా, అది మర్చిపోయాడు. జేబులోంచి చెయ్యి తీస్తేగా!

ఇక అసలు సంగతి. తిన్నాం, టార్ట్ అయింది, కాఫీ వచ్చింది. అందరూ నాన్న వైపు చూశారు. చాకు తెరిచే ఉంది. ఇంకో కాఫీ ఇచ్చాను. తెరిచే ఉంది. మా ఆయన బ్రాందీ తీశాడు. నాన్న కథలు మొదలెట్టాడు మెలానీ! మంచులో తోడేలు కథ, సైన్యంలో గాడిద కథ, నేనెప్పుడూ విననివి. ఒకటి అవుతుండగానే ఇంకోటి. మాట ఆగితే ఎక్కడ లేవాల్సొస్తుందో అన్నట్టు చెప్తూనే ఉన్నాడు.

ఎవరూ లేవలేదు, ఎలా లేస్తారు? వెయిటర్లకి సాయంత్రం డ్యూటీ. ఒకడు గడియారం చూసి, నాన్నని చూసి, నోరు మూసుకున్నాడు. బయట బొగ్గుకొచ్చిన వాళ్ళు తలుపు బాదుతున్నారు, మా ఆయన కుర్చీలోంచి కదల్లేక "రేపు రండి!" అని అరుస్తున్నాడు. కసిమీర్ బాబాయికైతే పెరట్లోకి పరుగెత్తాల్సిన అవసరం. కాళ్ళు మెలిపెట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, "ఒగుస్తాన్ అన్నయ్యా, బాగుంది, గాడిద కథ బాగుంది" అంటున్నాడు. నవ్వలేక చచ్చాను. దీపాలు కూడా వెలిగించాం.

చివరికి నాన్న చాకు తీసుకుని బల్ల కిందికి వంగాడు. టక్‌మంది. అందరూ ఒక్కసారి లేచారు, బాబాయి అందరికంటే ముందు.

ఇప్పుడు చెప్పు. మీ ఇంట్లో సూప్ అవగానే టక్. నా ఇంట్లో దీపాలు పెట్టేదాకా లేవబుద్ధి కాలేదు నాన్నకి. నా బల్ల దగ్గర భోజనం అయిపోవడం ఆయనకి ఇష్టం లేకపోయింది! ఊరు ఊరంతా చూసింది. నేను బతికున్నన్నాళ్ళూ ఇది నాది, నువ్వు ఏ ఏప్రన్ జేబులోనూ దాచుకోలేవు.

సంతోషంలో బల్లగుడ్డ అంచు మీద వైన్ ఒలికించుకున్నాడు. చాకలామెకి వేశాను. ఇవాళ పొద్దున్నుంచీ రెండో చెయ్యి కూడా జేబులోనే. దొరగారి దర్జా పూర్తయింది!

నీ అక్క
ఆగాత్


పుయ్‌రోంద్
24 డిసెంబర్ 1932

అక్కా,

అది వైన్ కాదు.

నేను ఇచ్చిన మాట తప్పుతున్నాను. నాన్నకి తెలిస్తే నా మొహం చూడడు. అయినా నువ్వు రాసింది చదివాక ఊరుకుంటే నేను మనిషిని కాను.

పోయిన ఫిబ్రవరిలో ఒక పొద్దున నాన్న లేచేసరికి కుడిచేతి వేళ్ళల్లో పట్టు పోయింది. చెంచా పట్టుకుంటాడు, గ్లాసు ఎత్తుతాడు, చూస్తే ఏమీ తెలీదు. నొక్కలేడు. బొత్తం పెట్టుకోలేడు, గడ్డం గీసుకోలేడు, చాకు మడవలేడు. డాక్టరు వచ్చి చూసి, వయసు అన్నాడు. నాన్న ఆ రోజంతా గొడ్ల పాకలో కూర్చున్నాడు.

తాత సంగతి నీకు గుర్తుండాలి, నువ్వు పెద్దదానివి. తాత చాకు మడవలేక రెండుసార్లు జారవిడిస్తే, మూడోసారి నాన్నే తన చాకు తీసి టక్‌మని మడిచాడట. అందరూ లేచారు. మర్నాటి నుంచి తాత కుర్చీ పొయ్యి పక్కకి పోయింది. సూప్ ముందే పోసి, పిల్లలతో పాటు తినిపించేవాళ్ళు. బల్ల దగ్గరికి మళ్ళీ రాలేదు ఆయన. ఆ పని చేసింది తనే కాబట్టి నాన్నకి అది ఎలా ఉంటుందో తెలుసు. "నన్ను పొయ్యి పక్కకి పంపకే" అన్నాడు నాతో. మన నాన్న, నా చెయ్యి పట్టుకుని!

అందుకని నేను చాకు తెరిచి కంచం పక్కన పెడతాను. కుడిపక్కన కూర్చుంటాను. తినడం అయ్యాక ఆయన బల్ల కింద దాన్ని నా చేతిలో పెడతాడు. నేను మడుస్తాను. చప్పుడు ఆయనదే అని పనివాళ్ళనుకుంటారు. జేబులోంచి తీసుకోలేడు కాబట్టి మిగతాప్పుడు నా ఏప్రన్‌లో ఉంటుంది. అదీ నేను దోచుకున్న పెద్దరికం.

నీ బల్ల దగ్గర చేతిలో పెట్టడానికి ఎవరూ లేరు. కథలు చెప్పింది లేవబుద్ధి కాక కాదు. లేవడానికి దారి దొరక్క. ఆఖరికి ఆ బిగువు స్ప్రింగ్‌ని తొడకి ఆనించి ఎడం చేత్తో నొక్కి ఉంటాడు. ఆ చెయ్యి ఎందుకు జేబులో ఉందో నువ్వే చూసుకో.

ఇంకొకటి కూడా రాస్తాను, ఎలాగూ మాట తప్పాను. పనివాళ్ళకి తెలియకూడదన్నది తర్వాతి సంగతి. నాన్న మొట్టమొదట అన్న మాట ఏమిటో తెలుసా? "ఆగాత్‌కి తెలియనివ్వకు. దాని కళ్ళల్లో నేను చిన్నబోకూడదు." నా కళ్ళల్లో చిన్నబోయినా ఫరవాలేదట అక్కా! నేను బొత్తాలు పెట్టొచ్చు, గడ్డం గీయొచ్చు, మాంసం ముక్కలు కోసి పెట్టొచ్చు. నువ్వు మాత్రం ఫోటోలోంచి ఆయన్ని ఎప్పుడూ మగధీరుడిలాగే చూడాలి. నీకు నా మీద కుళ్ళా? నాది చూశావా ఎప్పుడైనా? ఆయన నీ కోసం బూట్లకి ఆ చేత్తోనే మైనం రాశాడు. రాయలేక రాయలేక రాశాడు. నన్ను సాయం చెయ్యనివ్వలేదు.

నీకు తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వకు. అంతే నేను అడిగేది.

ఇవాళ పండగ. బల్ల దగ్గర నేనూ, ఇద్దరు పనివాళ్ళూ. నా చాకు నేనే మడిచాను. వాళ్ళు లేచారు. నాకేం బాగాలేదు.

మెలానీ


పారిస్
12 జనవరి 1933

మెలానీ,

నీ ఉత్తరం వచ్చిన రోజే చాకలామె బల్లగుడ్డ తెచ్చింది. "వైన్ అయితే పోయేదమ్మా, ఇది పోదు" అని గోధుమ రంగు మచ్చ చూపించింది. నేను ఆమెని తిట్టి పంపేశాను, పాపం.

నాన్న చెయ్యి నేను చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది కదా. మా ఆయన్ని నిలదీశాను. ఆ సాయంత్రమే కట్టు కట్టాడట! బార్బర్ దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళాడో కూడా తెలుసట, నాన్న ఒట్టు వేయించుకున్నాడట. "నువ్వు మాత్రం చెప్పకు నాయనా, అది తట్టుకోలేదు" అన్నాడట. నీకు తెలుసు, మా ఆయనకి తెలుసు, ఆ బార్బర్‌కి తెలుసు. ఇంటి ఆడపడుచుని నాకు తప్ప అందరికీ తెలుసు. ఒక పూట అన్నం తినలేదు నేను. ఎవరి మీద అలిగానో నాకే తెలీలేదు.

మా ఆయన కొత్త సంవత్సరం భోజనానికి అందర్నీ అప్పటికే మళ్ళీ పిలిచేశాడు. ఆ మాట వినగానే నాన్న మొహం మైనంలా అయిపోయింది. "ఒంట్లో బాగాలేదే, నేను గదిలోనే తింటాను" అన్నాడు. గదిలోనే! పొయ్యి పక్కకి తనంతట తనే పోతున్నాడన్నమాట.

నేను దగ్గరికి వెళ్ళి, "నాన్నా, కొత్త చాకు స్ప్రింగ్ బాగాలేదు, తిరిగిచ్చేస్తాను. నీ పాతది ఇటివ్వు, నూరి పెడతాను" అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను సానరాయి తడుపుతున్నట్టు తల వంచుకున్నాను. "జేబులో ఉంది, తీసుకో" అన్నాడు. తీసుకుని నూరాను. ఇన్నేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు. ఏప్రన్ వాసన వస్తుందేమోనని చూశాను కూడా, నిజం చెప్తున్నాను. వచ్చింది. గొడ్ల పాక వాసన, నీ వాసన.

ఆ చాకుని తెరిచి కంచం పక్కన పెట్టి, కుడిపక్కన నేనే కూర్చున్నాను. వడ్డన మా ఆయనకి అప్పజెప్పాను. ఇద్దరి మీద సూప్ పోశాడు. కసిమీర్ బాబాయి కాఫీ రాకముందే కాళ్ళు మెలిపెట్టడం మొదలెట్టాడు, ముందు జాగ్రత్త.

కాఫీ అయింది. అందరూ అటు చూశారు. నాన్న తోడేలు కథ ఎత్తుకున్నాడు, మొన్నటిదే. నేను బల్ల కింద చెయ్యి చాపి ఉంచాను. చూడలేదు, మాట్లాడలేదు, అరచెయ్యి పైకి పెట్టి ఉంచానంతే. తోడేలు మంద దాకా వచ్చింది, కాపరి లేచాడు, కుక్కలు మొరిగాయి. నా చెయ్యి ఖాళీగానే ఉంది. ఆయన ఇవ్వడు, నాకు ఇవ్వడు, నాకు ఏదీ ఇవ్వడు అనుకున్నాను. ఏడుపొచ్చింది.

అప్పుడు చల్లగా పిడి తగిలింది.

నాన్న నా వైపు తిరగలేదు. ఎదురుగా గోడకేసి చూస్తూ, నాకొక్కదానికే వినపడేలా, "వేలు జాగ్రత్త, మెలానీ" అన్నాడు.

అలవాటుగా నోరు జారి అన్నాడో, నా ముందు చిన్నబోకుండా ఉండడానికి కావాలనే అన్నాడో నాకు తెలీదు. నేను అడగను. నువ్వూ అడక్కు.

"సరే నాన్నా" అన్నాను, మెల్లిగా, నీలాగా. టక్‌మంది. అందరూ లేచారు. "చూశారా, పెద్దాయనకి ఇవాళ గాడిద కథ దాకా పోలేదు!" అని బాబాయి పెరట్లోకి పరుగెత్తాడు. నాన్న పెద్ద కుర్చీలో నిటారుగా కూర్చుని నవ్వాడు.

ఆ చాకు ఇప్పుడు నా ఏప్రన్ జేబులో ఉంది. ఇవాళ పొద్దున బొగ్గు బస్తా తాడు కొయ్యడానికి తీస్తే, కొట్లో ఒక దొరసాని రెండడుగులు వెనక్కి వేసింది. వేస్తే వేసింది. దంతపు పిడిది నీకు పంపుతున్నాను, గిట్టలు చెక్కడానికి పనికొస్తుంది. రొట్టెలామె ముందే తియ్యి. బదులుగా ఒక సూ పంపడం మర్చిపోకు, మన మధ్య ఏదీ తెగకూడదు.

మంచు కరగ్గానే నాన్నని పంపుతాను. పంపాలని లేదు.

రోజూ రెండు పూటలా ఆ చెయ్యి నా చేతిలోకి వస్తోంది, రోజూ రెండు పూటలా నీ పేరే పిలుస్తున్నాడు. నేను పలుకుతూనే ఉన్నాను. నీ మీద ఇంత కుళ్ళు నాకు ఎప్పుడూ లేదే.

ఆగాత్